లెక్కలోకి రాని టీలు

పొద్దున ఏడు కాకముందే సత్యనారాయణపేటలోని ఆ ఇంటి వంటగదిలో జొన్నరొట్టెలు తడుతున్న చప్పుడు మొదలైంది. తలుపు మీద కోడలు చంద్రిక రాసి అతికించిన కాగితం ఉంది. పొద్దున రెండు రొట్టెలు, పుంటికూర పప్పు. మధ్యాహ్నం గుప్పెడు కొర్రన్నం, కూర ఎక్కువ, మజ్జిగ. రాత్రికి ఒకే రొట్టె.

మామ వెంకటరామి కుడికాలి బొటనవేలికి పుండు పడి నెల దాటింది. పదిహేను రోజుల్లో చక్కెర దిగకపోతే వేలు తీసేయాలనీ, అది వేలితోనే ఆగుతుందని మాటివ్వలేననీ కంటోన్మెంటు డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆ రోజే చంద్రిక నడుం బిగించింది.

వెంకటరామి చిన్నప్పుడు రొట్టె తిని పెరిగినవాడే. గనులు జోరందుకుని, చేను కౌలుకిచ్చి ఖనిజం మోసే నాలుగు లారీలు కొన్నాక మాత్రం ఆ ఇంట్లో తెల్లన్నం తప్ప మరొకటి ఉడకలేదు.

"మళ్ళా కరువు కూడే పెడ్తాండావా అమ్మా?" అన్నాడు కంచం చూసి.

"కాలు ఉండల్లంటే ఇదే మామా. నేనూ ఇదే తింటాండా."

నిజంగానే తినేది. మొండి పిల్ల, అనుకున్నది జరిగేదాకా ఊరుకునే రకం కాదు.

తీరా పదో రోజు పరీక్ష కాగితం వస్తే చక్కెర మూడు వందల పది. మొదటికన్నా ఎక్కువ. చంద్రికకు ఒళ్ళు మండిపోయింది. కాగితం పట్టుకుని నేరుగా పెరట్లో పప్పు కడుగుతున్న అత్త రామలక్ష్మమ్మ దగ్గరకు వెళ్ళింది.

"అత్తా, మామకు చాటుగా ఏం పెడ్తాండావు?"

"నేనా?"

"మొన్న బెల్లం ఓళిగలు చేసి పక్కింటికని పంపిస్తివి. అన్నీ పక్కింటికే పోయినాయా?"

రామలక్ష్మమ్మ గిన్నె కింద పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆయప్ప కాలు పోతే నీకన్నా నాకు తక్కువ బాధనుకుంటివా? నా చేత్తో నేనే ఇసం పెడ్తానా?"

తారానగర్ గనికి బయలుదేరబోతూ వెంకటరామి ఆ మాటలు విన్నాడు. భార్య ఏడవడం ఆయన ఎప్పుడో గానీ చూడలేదు.

"ఆమెనేం అనాకమ్మా. ఇంట్లో నువ్వు పెట్టిందే తింటాండా. బయట ఒక మెతుకు ముట్టలే."

"మరి యాడ్నుంచి వస్తాండాది చక్కెర?"

"ఏమో. టీ తప్ప ఏం లేదు."

"ఎన్ని టీలు మామా?"

ఆయన వేళ్ళు ముడిచాడు. లోడింగు కాడ రెండు, లారీలు తూచే కాటా కాడ రెండు, లోడ్లిచ్చే కంట్రాక్టరు యల్లప్ప షెడ్డులో ఆరేడు. చేతివేళ్ళు చాలలేదు.

"పది పన్నెండు ఉంటాయేమో. టీ తిండి కాదు కదమ్మా."

చంద్రిక నెత్తి కొట్టుకుంది. షెడ్డుల్లో కాచే టీలో పాలకన్నా చక్కెరే ఎక్కువ. ఇంట్లో ప్రతి ముద్దా లెక్కపెట్టింది గానీ, మనిషి పగలంతా ఎక్కడ ఉంటాడో ఆలోచించనే లేదు. పైగా అత్తను దొంగను చేసింది.

"చక్కెర వద్దని చెప్పొచ్చు కదా మామా."

"చెప్తే వెంకటరామికి సుగరంట, రేపో మాపో మంచాన పడ్తాడంట అని గని అంతా తెలిసిపోతాది. ఆడ యల్లప్ప గ్లాసు అందిస్తే లోడు మనదని అర్థం. వద్దంటే యవ్వారమే వద్దన్నట్ల."

రామలక్ష్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. క్యాను నిండా పలచటి మజ్జిగ పోసుకుని పోయి జీపులో కూర్చుంది.

"నువ్వు యాడికి? ఆడాళ్ళు రారు ఆడికి."

"ఈ పొద్దు వస్తారు. జీపు పోనీ."

చంద్రిక కూడా వెనక ఎక్కేసింది.

షెడ్డులోకి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళను చూసి యల్లప్ప గాభరాగా లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ వెంకటరామికి టీ గ్లాసు అందించాడు. రామలక్ష్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"యల్లప్పా, మీ అన్నకు సుగర్ ఉండాది. కాలికి పుండు పడింది. ఇంకా ఈ టీలు తాగితే కాలే తీసేస్తారు. లోడు ఇస్తే ఇయ్యి, లేకుంటే లారీలు అమ్ముకుని చేన్లోకి పోతాం. నాకు ఈ మనిషి నడుస్తా ఉండల్ల, అంతే."

వెంకటరామి సిగ్గుతో తల దించుకున్నాడు. యల్లప్ప ఆ గ్లాసుతో పాటు తన గ్లాసు కూడా బల్ల మీద పెట్టేశాడు.

"నాకూ సుగర్ వచ్చి మూడేండ్లాయ వదినా. యారికీ చెప్పలే. అన్న తాగుతాండాడు, నేను వద్దంటే యవ్వారం ఇష్టం లేదనుకుంటాడని తాగుతాంటి."

వెంకటరామి తలెత్తి చూశాడు. ఒకరి కోసం ఒకరు ఇన్నాళ్ళూ తాగింది గుర్తొచ్చి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు తడిసిపోయాయి.

చంద్రిక అత్త చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోయింది అత్తా."

"ఆయప్ప మీద ప్రేమతోనే కదా అన్నావు. గ్లాసులు కడుక్కోనిరా పో."

రామలక్ష్మమ్మ ఇద్దరికీ మజ్జిగ పోసింది. ఇంతలో కాటా దగ్గరి మనిషి ఎప్పటిలాగే పొగలు కక్కే టీతో వచ్చాడు. భార్య నోరు తెరవబోయింది గానీ వెంకటరామి చెయ్యెత్తి ఆపాడు. బయట నిలబడ్డ డ్రైవర్లందరికీ వినపడేటట్టు తనే చెప్పాడు.

"సాకప్పా, చాలు. నాకు సుగర్ ఉండాది. ఇంక నాకు టీ తేవాకండి."