పన్నెండో స్పెసిమెన్

ఖాదర్ వలి గారి రిటైర్మెంటు రోజున యల్లమంద చెయ్యాల్సిన పనులు: మిషను తుడవాలి. పన్నెండో స్పెసిమెన్‌కి, అంటే పరీక్షించాల్సిన చివరి రేకు ముక్కకి, వంపు కనపడేలా సున్నం పుయ్యాలి. దండా, శాలువా తేవాలి. శ్రీరమ్యకి ఫోన్ చెయ్యాలి.

మూడు పనులు తొమ్మిదింటికల్లా అయిపోయాయి. నాలుగోది ఎనిమిది నెలలుగా అలాగే ఉంది.

గుంటూరు కాలేజీ ల్యాబులో యల్లమంద, శ్రీరమ్య కలిసి ఎంటెక్ ప్రాజెక్టు చేశారు. షెడ్లకు వాడే పల్చటి స్టీలు రేకుని కాల్చకుండా మడిచి చేసిన సి ఆకారపు కమ్మీలు, అదే సి-చానళ్ళు, ఎంత బరువుకి వంగుతాయో చూడటం. ల్యాబ్ మెకానిక్ ఖాదర్ వలి గారిది ఒకటే రూలు. రీడింగు చదివేవాళ్ళు రాయకూడదు, రాసేవాళ్ళు చదవకూడదు. ఒక్కడే రెండూ చేస్తే కంటికి తనకు కావలసిన అంకే కనపడుతుందట. అందుకని యల్లమంద చదివేవాడు, రమ్య రాసేది. ఆమె పెన్ను ఆగితే గాని అతను తర్వాతి అంకె చదివేవాడు కాదు.

పదకొండో ముక్క మీద సన్నటి అలలు లేవగానే అతను కంగారుపడి బరువు దించేశాడు.

"పోయింది!"

"ఎక్కడ పోయింది? కాస్త అలలొస్తే విరిగినట్టేనా? ఎంత మోసేదో తెలీకుండా చేశావు పో," అని రమ్య విసుక్కుంది.

ఆ సాయంత్రమే బ్రాడీపేటలో బజ్జీల బండి దగ్గర, "మీ ఇంటికొచ్చి అడగనా?" అన్నాడు. రమ్య ముఖం ముడుచుకుంది. చినుకులు మొదలయ్యాయి. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా చిలకలూరిపేటలో షెడ్లు కట్టే ఆఫీసులో చేరిపోయింది. పన్నెండో ముక్క పరీక్షించకుండానే మిగిలిపోయింది.

పర్చూరు పొలాల్లో పొగాకు కొట్టి కొడుకుని చదివించిన అమ్మ, "కాదన్నవాళ్ళ గుమ్మం రెండోసారి తొక్కకురా," అని నేర్పింది. యల్లమంద ఫోన్ చెయ్యలేదు. అదే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, చిలకలూరిపేట బస్సు వచ్చినప్పుడల్లా ఎవరు దిగుతున్నారా అని మాత్రం చూసేవాడు. వాన పడితే మరీను.

"ఏమయ్యా, ఫోన్ చేశావా?" ఇన్నాళ్ళూ బీరువా వెనక దాచి ఉంచిన చివరి ముక్కని, సున్నం ఆరాక మిషనుకి బిగిస్తూ వలి గారు అడిగారు.

"లేదండి. ఎవరైనా స్టూడెంట్ రాస్తాడులెండి."

"నేను చేశాలే. పదింటి బస్సుకి వస్తంది."

తడిసిన చున్నీ పిండుకుంటూ రమ్య రానే వచ్చింది.

"బాగున్నావా?" అంది.

"ఉన్నా. పెన్నుందా?"

"నా పెన్ను నాకుంది. చదువు."

అతను బరువు చదివాడు: ఇరవై. ముప్ఫై. ముప్ఫై ఎనిమిది దగ్గర సున్నం మీద అలలు లేచాయి. అతని చెయ్యి తనకు తెలియకుండానే స్విచ్చు మీదికి పోయింది.

"చెయ్యి తియ్యి."

"అలలొచ్చాయి రమ్యా."

"నాకూ కళ్ళున్నాయి. చదువు!"

నలభై ఐదు. యాభై రెండు. సున్నం పెచ్చులు రాలుతున్నాయి. అరవై ఒకటి అన్నాక గాని ముక్క ధబ్బున మడుచుకోలేదు.

రమ్య రాసి, పెన్ను మూసింది.

"ఆ రోజు మా నాన్నకి ఎలా చెప్పాలా అని ముఖం ముడుచుకున్నా. మర్నాడు నువ్వే ఫోన్ చేస్తావనుకున్నా. ఎనిమిది నెలలు అనుకుంటూనే ఉన్నా."

"నువ్వు చెయ్యొచ్చుగా?"

"అడిగిందెవరు? అడిగినవాడు జవాబు వినక్కర్లేదా?"

అతను మిషను స్విచ్చు కట్టేశాడు. ఆమె వైపు తిరిగి, "మళ్ళీ అడగనా?" అన్నాడు.

"అడుగు. ఈసారి మధ్యలో ఆపావంటే చూడు."

"మీ నాన్నగారి దగ్గరికి ఎప్పుడు రమ్మంటావు?"

"ఆదివారం. మీ అమ్మనీ తీసుకురా."

వలి గారు దండ వైపు చూసి, "ఇంతకీ అది నాకేనా, మీరిద్దరే మార్చుకుంటారా?" అన్నారు.

చిలకలూరిపేట హైవే మీద వెళుతూ ఏ పత్తి జిన్నింగు మిల్లు షెడ్డు కిందో వానకి ఆగితే, ఒకసారి తలెత్తి పైకప్పు మోస్తున్న ఆ పల్చటి చానళ్ళను చూడండి. అలాంటి ముక్కనొకదాన్ని ఇద్దరి కోసం ఎనిమిది నెలలు బీరువా వెనక దాచిన ఖాదర్ వలి గారిని తలుచుకోండి.