ఉద్వాసన చెప్పని రోలరు

బంతి వచ్చి సరిగ్గా బోర్డుకే తగిలింది. "ఈ పార్కులో బంతి ఆటలు నిషేధం" అని రాసిన బోర్డు అది. పొద్దున్న పదింటికి బిగించారు. సాయంత్రం నాలుగున్నరకు రెండు ముక్కలైంది.

బోర్డు పక్కన నిలబడి ఉన్న అమ్మాయి పేరు సింధూరి. గజపతినగరం పిల్ల. విజయనగరంలో వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీగా చేరి అది మూడోరోజు. వార్డులోని కాలువలు, వీధిదీపాలతో పాటు ఈ కాలనీ పార్కు బాగోగులు కూడా ఆమె పూచీయే.

గ్రౌండులోంచి ఒక యువకుడు బ్యాటు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, బాల్..."

"బోర్డు చదవడం రాదా?"

"వచ్చండి. ఇప్పుడు సగమే కనిపిస్తన్నాది."

"ఎవరు కొట్టారు?"

"నేనేనండి. సిక్స్!" అన్నాడు. గర్వం పొరపాటున బయటపడినందుకు వెంటనే నాలిక కరుచుకున్నాడు.

"పేరు?"

"ఉపేంద్ర. మెయిన్ రోడ్డులో పెయింట్ల కొట్టు మాదే. కొత్త బోర్డు నేనే రాయించి తెస్తాను మేడమ్."

"ఆడొద్దన్న బోర్డు నువ్వే రాయించి, దాని పక్కనే ఆడతావా?"

"అందుకే అక్షరాలు కొంచెం చిన్నవి రాయిస్తానండి."

సింధూరికి నవ్వొచ్చింది. ఉద్యోగంలో చేరి మూడోరోజే నవ్వితే జనం భయపడరని, ఆ నవ్వును మింగేసి, బంతిని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఉపేంద్ర బంతి కోసం సచివాలయానికి వచ్చాడు. బంతి ఇవ్వలేదు గానీ ఒక కాగితం చూపించింది.

"ఉయ్యాల గొలుసులు రెండు తెంపారు. దీపాలు నాలుగు పగలగొట్టారు. బెంచీల వెనక సీసా పెంకులు. ఇంకొక్కటి విరిగినా గ్రౌండు గేటుకు తాళం వెయ్యమని పైనుంచి ఆర్డరు. ఏమంటావు?"

"అవి మేం చెయ్యలేదండి. మేం ఆడుకునే చోటు మేమెందుకు పాడు చేసుకుంటాం? ఆరయ్యాక ఎవరొస్తన్నారో ఎవరికీ తెలీదు. వాచ్‌మన్ జగన్నాధం గారు దీపాలు పెట్టే వేళకే ఇంటికెళ్ళిపోతారు. ఆ దీపాలు లేవని ఇంకాస్త ముందే ఎళ్తన్నారు."

అతను చెప్పింది నిజమేనని ఆమెకూ తెలుసు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పొద్దున్న ఎనిమిది వరకు నడిచేవాళ్ళది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు ఆడేవాళ్ళది. పిల్లల ఉయ్యాలల వైపు వల కట్టాలి. ఏది విరిగినా కెప్టెన్ జవాబు చెప్పాలి. ఉపేంద్ర సంతకం పెట్టాడు. సింధూరి బంతి ఇచ్చింది.

"ఇంకొక మాట. ఆ మూల రాతి రోలరు ఉంది చూశావా?"

పిచ్ చదును చేసే రోలరు అది. దాని ఇనుప హ్యాండిల్‌ని ఎవరో ఎప్పుడో ఊడబీక్కుపోయారు. ఉపేంద్ర జట్టు ఇరుసు మొనలకు తాళ్ళు కట్టి లాగి పని కానిచ్చేది. మిగతా వేళల్లో చిన్నపిల్లలు దాన్నెక్కి దొర్లించేవారు.

"ఎవరి కాలి మీదనైనా పడితే? దాన్ని చెట్టుకు ఆనించి నిలబెట్టండి."

ఎనిమిదిమంది కలిసి "హైస్సా" అంటూ దాన్ని కానుగ చెట్టు మొదట్లో నిలబెట్టారు. కింది ఇరుసు మొన మట్టిలో దిగింది. పై మొన చిన్న కిరీటంలా పైకి నిలిచింది.

అంతవరకు ఎవరి తప్పూ లేదు.

దసరా వచ్చింది. మహర్నవమినాడు ఊళ్ళో లారీలకు, కుట్టుమిషన్లకు, తూకం రాళ్ళకు పూజలు జరుగుతుంటే క్రికెట్టు జట్టు మాత్రం ఊరుకుంటుందా? బ్యాట్లు, వికెట్లు, ప్యాడ్లు వరసగా పేర్చి ఆయుధపూజ చేశారు. రోలరు మాత్రం ఏం పాపం చేసిందని ఉపేంద్ర దానికి నిండా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కిరీటం మీద నిమ్మకాయ గుచ్చాడు. పులిహోర తిన్నారు. ఇంతలో వాన పడింది. బ్యాట్లు పట్టుకుని అందరూ పరుగెత్తారు.

విజయదశమి పొద్దున్న నడకకు వచ్చిన దాలమ్మ కానుగ చెట్టు దగ్గర ఆగింది. డెబ్బై దాటిన మనిషి. పసుపుముద్దలా మెరుస్తున్న ఆ రాతిని కిందినుంచి పైదాకా చూసింది. చెప్పులు విడిచింది. ఇంటికెళ్ళి కొబ్బరికాయ తెచ్చి కొట్టింది.

మూడోరోజుకు దీపం వెలిగింది. నాలుగోరోజు ఎవరో చీర కట్టారు. అయిదోరోజు వెండి కళ్ళు అతికించారు. ఆ కళ్ళు తిన్నగా పిచ్ వైపే చూసేవి. జట్టులో ఈశ్వర్ అనే బౌలరు నోబాల్ వేసినప్పుడల్లా అటు తిరిగి చెంపలు వేసుకోవడం మొదలుపెట్టాడు. వాచ్‌మన్ జగన్నాధం నుదుట విభూతి రేఖలు ఒకటి నుంచి మూడుకు పెరిగాయి. ఆయన ఇప్పుడు ఎనిమిదైనా ఇంటికి వెళ్ళడం లేదు. కొబ్బరి ముక్కలు పంచేవాడు ఒకడుండాలి కదా!

విచిత్రం ఏమిటంటే పార్కులో ఇంకేదీ విరగలేదు. పగిలినవాటి చోట బిగించిన కొత్త దీపాలు అలాగే వెలుగుతున్నాయి. బెంచీల వెనక సీసాలు లేవు. రాతిలో అమ్మ ఉండదని అనడానికి ఎవరికి నోరొస్తుంది? ఎక్కడ లేదు గనుక! కాని పోలీసుకు, బోర్డుకు లొంగని మనిషి పసుపు రాసిన రాయికి ఎందుకు లొంగుతాడన్నది మాత్రం ఆలోచించవలసిన సంగతే.

సింధూరికి అంత ఆలోచించే తీరిక లేకపోయింది. పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పార్కులో వెలిసిన అనధికార నిర్మాణాన్ని సోమవారంలోగా తీసివేయాలి. లేకుంటే గ్రౌండు మూసివేయాలి. సెక్రటరీ సంజాయిషీ ఇవ్వాలి.

అదే వారం ఆదివారం నరసన్నపేట జట్టుతో మ్యాచ్. నవమి వానకు మెత్తబడ్డ పిచ్ మీద ఆవులు నడిచాయి. గిట్టల గుంటలు అలాగే గట్టిపడ్డాయి.

"రోలరు తిప్పకుండా మ్యాచ్‌కి పర్మిషన్ ఇవ్వను," అంది సింధూరి. "కిందటేడు ఈశ్వర్ గారి ముందుపన్ను ఊడింది ఇలాంటి పిచ్ మీదే అట కదా."

"అమ్మవారిని ఎలా తిప్పుతామండి?"

"అది అమ్మవారా?"

"మీరు మొన్న దణ్ణం పెట్టినారు. నేను సూశాను."

సింధూరి ముఖం ఎర్రబడింది. "అలవాటు! పసుపు కనిపిస్తే చేతులు వాటంతటవే కలుస్తాయి."

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ పార్కు మధ్యలో ఉన్న రేకుల షెడ్డు కిందికి పరుగెత్తారు. వాన ఆ రేకుల మీద ఎవరో పప్పులు చెరుగుతున్నట్టు మోగుతోంది.

"అసలు తప్పంతా నీది. బొట్టు పెట్టింది నువ్వు," అంది ఆమె.

"నిలబెట్టింది మీరు."

"బొట్టు పెట్టాక తుడవాలి కదా!"

"బొట్టు పెట్టాక తుడుస్తారేటండి ఎవరైనా?"

ఆ మాటకు ఇద్దరూ ఒక్కసారి ఆగిపోయారు. మాట్లాడుతున్నది రోలరు గురించే. అయినా ఎందుకో ఆమె వాన వైపు, అతను తన బూట్ల వైపు చూడవలసి వచ్చింది.

ఉపేంద్ర తలెత్తి అన్నాడు. "నిజం సెప్పేద్దాం. ముందు కొబ్బరికాయ కొట్టినామెకి. ఆవిడ ఒప్పుకుంటే కాలనీ అంతా ఒప్పుకుంటాది. ఆవిడ మా మామ్మ."

"దాలమ్మ గారు మీ మామ్మా?" సింధూరి ఉలిక్కిపడింది. "రోజూ ప్రసాదం పెట్టి, మీదేవూరు, ఇంటిపేరేటి, అన్నదమ్ములెంతమంది అని అడుగుతారే, ఆవిడా?"

"ఆవిడే. నా పెళ్ళి కుదరాలని మొక్కుకుంది. ఆ మొక్కు కోసం రోజూ పదకొండు ప్రదక్షిణలు, మోకాళ్ళ నొప్పులతో. అది రోలరని తెలిస్తే తట్టుకోలేదండి. అదే నా భయం."

అతని గొంతులో మొదటిసారి వేళాకోళం లేదు. సింధూరికి ఆ గొంతు నచ్చింది. నచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"నేనూ వస్తాను," అంది.

శనివారం పొద్దున్న దాలమ్మ ఏడో ప్రదక్షిణలో ఉండగా ఇద్దరూ వెళ్ళి నిలబడ్డారు.

"మామ్మా, నీకో మాట సెప్పాలి."

"నాలుగు సుట్లున్నాయి. ఆగు."

ఆ నాలుగు చుట్లూ వాళ్ళిద్దరికీ నాలుగు గంటల్లా గడిచాయి. ఆమె బెంచీ మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటూ, "ఇప్పుడు సెప్పండి" అంది.

"ఇది అమ్మవారు కాదు మామ్మా. మా రోలరు. పసుపు నేనే రాసినాను. తిట్టాలంటే నన్ను తిట్టు."

"కాదండీ," అంది సింధూరి ముందుకు వచ్చి. "నిలబెట్టమన్నది నేను. పడి ఉంటే ఎవరూ దణ్ణం పెట్టేవారు కాదు. తప్పు నాది."

"మేడమ్, మీరు ఊరుకోండి. మీ ఉద్యోగానికి ఇబ్బంది."

"ఊరుకోను. ఏం, నీ ఒక్కడికేనా మామ్మగారంటే బెంగ? అందరి తప్పులూ నువ్వే మోస్తావేటి?"

"మీరు మాట పడితే నేను సూడలేను!"

"నువ్వు పడితే నేను మాత్రం సూడగలనేటి?"

ఆఫీసు భాష పోయి గజపతినగరం బయటపడిందని సింధూరికి ఆలస్యంగా తెలిసింది. తను ఏమందో అంతకంటే ఆలస్యంగా తెలిసింది.

దాలమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఒరే ఎర్రిబాగులోడా! మీ తాత అప్పలసూరి ముప్పయ్యేళ్ళు రోడ్డు రోలరు తోలినాడు. రోలరేదో రాయేదో నాకు తెలీదేటిరా?"

ఇద్దరూ నోళ్ళు తెరిచారు.

"మరి... కొబ్బరికాయ కొట్టినావు?"

"కొట్టకేటి సేస్తాను? పూజ సేసినారు. పూజంటే అమ్మని పిలవడం. పిలిసినోళ్ళు వాన పడిందని పారిపోనారు. ఉద్వాసన ఎవులు సెప్తారు, నీ నరసన్నపేటోళ్ళు సెప్తారా? ఇంటికి పిలిసిన సుట్టానికి ఎళ్ళొస్తావా తల్లీ అని సెప్పకపోతే ఎలాగెళ్తాది? పాపం, అమ్మ అలాగే కూకుండిపోనాది. సుట్టం ఉన్నన్నాళ్ళూ మనం అన్నం పెట్టాలి కదా. పెట్టినాను."

ఉపేంద్ర తల పట్టుకున్నాడు. పూజలో ఆఖరి మాట తనే మర్చిపోయాడు.

"అయితే ఇప్పుడు చెప్పేయొచ్చా మామ్మగారూ?" అంది సింధూరి ఆశగా.

"ఊరేగింపు లేకుండా పంపుతావేటమ్మా? రేపు పొద్దున్న ఊరేగిద్దాం. ఆ గుంటల మీదే, అటూ ఇటూ."

ఆదివారం ఆరింటికి కాలనీ ఆడవాళ్ళంతా పిచ్ దగ్గర చేరారు. వెండి కళ్ళు, చీర తీసి దాలమ్మ పళ్ళెంలో పెట్టింది. కుర్రాళ్ళు రోలరును మెల్లగా పడుకోబెట్టి తాళ్ళు కట్టారు.

"పడుకోబెట్టి ఊరేగించడం ఎక్కడైనా ఉందా దాలమ్మప్పా?" అని ఒకామె అడ్డుపడింది.

"పాముమీద పడుకున్న సామికి దణ్ణం పెట్టవేటే నువ్వు? పడుకున్నంత మాత్రాన దేవుడు కాకపోతాడా? లాగు!"

లాగారు. ఆడవాళ్ళు ముందు తాడు, కుర్రాళ్ళు వెనక తాడు. జగన్నాధం గంట వాయిస్తుంటే అమ్మవారు ఇరవైరెండు గజాల పిచ్ మీద ముప్పైసార్లు ఊరేగింది. గిట్టల గుంటలు ఆనవాలు లేకుండా పోయాయి. సింధూరి కూడా తాడు పట్టుకుంది. ఎదురుగా రెండో తాడు చివర ఉపేంద్ర ఉన్నాడన్నది యాదృచ్ఛికమే అనుకుందాం.

తరవాత దాలమ్మ అక్షతలు తీసుకుని రోలరును ఈశాన్యానికి కాస్త కదిపించి, "ఎళ్ళి రా తల్లీ. వచ్చే నవమికి మళ్ళీ పిలుస్తాం" అంది. అక్షతలు చల్లింది. అంతే. అందరి కళ్ళ ముందే అది మళ్ళీ రోలరైపోయింది.

"ఇంక సాయంత్రాలు దీపం ఉండదు కదా, పాత రోజులు మళ్ళీ వస్తాయేమో," అంది సింధూరి దిగులుగా.

"దీపం ఉండదు. మేముంటాం. వాళ్ళు బయపడింది రాయికా, రోజూ పాతికమందిమి కూకుంటే సూసే కళ్ళకా? నాకూ సరిగ్గా తెలీదమ్మా. అమ్మ ఏ కళ్ళతో సూస్తాదో ఎవులికి తెలుసు? ఆరింటికి బజన ఇక్కడే పెట్టుకుంటాం. రాసుకో నీ కాగితంలో."

సింధూరి రాసుకుంది. అనధికార నిర్మాణం లేదు. పిచ్ చదునుగా ఉంది. గేటుకు తాళం అవసరం లేదు.

"మ్యాచ్‌కి పర్మిషన్?" అన్నాడు ఉపేంద్ర.

"ఇచ్చాను. కొత్త బోర్డు మాత్రం పగలగొట్టకు."

"పగలగొడితే మళ్ళీ నా దగ్గరకొచ్చి పేరు అడుగుతారా?"

"పేరు తెలుసు. ఈసారి ఇంటికొచ్చి అడుగుతాను."

"ఏటని?"

సింధూరి వంగి దాలమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టింది. అది చూసి ఉపేంద్ర కూడా పక్కనే వంగాడు. దాలమ్మ గుప్పిట్లో ఇంకా కొన్ని అక్షతలు మిగిలే ఉన్నాయి. ఇద్దరి తలల మీదా చల్లింది.

"గజపతినగరం ఫోన్ నంబరు సెప్పమ్మా, మీ నాన్నతో నేను మాట్లాడతాను," అంది. తరవాత మనవడి చెవి మెలిపెట్టింది. "ఇనుకో. ఈ తల్లి కూడా మన పిలుపుకి వచ్చింది. ఈవిడకి మాత్రం ఉద్వాసన లేదురా."