మూసిన పెట్టె

మధ్యాహ్నం బెల్లు కొట్టడానికి ఇంకా చాలాసేపు ఉంది. హైమవతి టీచర్ బోర్డు మీద కృష్ణానది పటం గీస్తున్నారు. పిల్లలంతా తలలు వంచి దాన్ని చూసి గీసుకుంటున్నారు. మాణిక్యం చేతిలో పెన్సిలు టక్కున ఆగిపోయింది.

చెక్క! పొద్దున కోళ్ల పెట్టెలకి అడ్డం పెట్టిన చెక్కలు తియ్యలేదు!



మాణిక్యం వాళ్లది ఉయ్యూరు. నాన్న శౌరయ్య పంచదార ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇంటి వెనక రేకుల కప్పుతో కోళ్ల గూడుంది. అందులో ఎర్రది, చుక్కలది, నల్లది అని మూడు కోళ్లు. గుడ్లు పెట్టుకోవడానికి చెక్కపెట్టెల్లో వరిగడ్డి పరిచి పెట్టారు. ఆ గుడ్లు తమ్ముడు లాజరు కోసం. టైఫాయిడ్ వచ్చి తగ్గాక వాడు పుల్లలా అయిపోయాడు. రోజూ గుడ్డు పెట్టమని డాక్టరుగారు చెప్పారు.

కానీ కోళ్లు రాత్రిళ్లు కూడా ఆ పెట్టెల్లోనే పడుకోవడం మొదలుపెట్టాయి. తెల్లారేసరికి గడ్డి నిండా రెట్టలు. గుడ్లన్నిటికీ అదే అంటుకునేది.

"రోజూ ఈ గుడ్లు కడగలేక చస్తున్నాను" అని అమ్మ సంపూర్ణమ్మ విసుక్కుంది.

"కోడి ఎప్పుడూ ఎత్తు చూసుకుని పడుకుంటుంది" అంటూ నాన్న పెట్టెలకంటే ఎత్తులో ఒక వెదురు కర్ర అడ్డంగా కట్టాడు. అయినా అలవాటు పోలేదు. అందుకని అమ్మ మాణిక్యానికి ఒక పని అప్పజెప్పింది. పొద్దుగూకగానే పెట్టెల్లో ఉన్న కోళ్లని ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టాలి. పెట్టెలకి చెక్కలు అడ్డం పెట్టాలి. పొద్దున్నే తియ్యాలి. అంతే.

కొన్నాళ్లు బాగానే చేసింది. నిన్న సాయంత్రం మాత్రం పక్కింటి త్రిపుర తొక్కుడుబిళ్ల ఆటకి పిలిచింది. మాణిక్యం చీపురు పట్టుకొచ్చి "హుష్! హుష్!" అని పెట్టెల ముందు ఝాడించింది. రెక్కలు కొట్టుకుంటూ కోళ్లు బయటికి దూకాయి. లోపల ఏదైనా మిగిలిందేమో చూడకుండానే గబగబా చెక్కలు అడ్డం పెట్టేసి ఆటకి పరిగెత్తింది.

పొద్దున లేవడమే ఆలస్యమైంది. గూడు తలుపు తీసి నూకలు చల్లింది. ఎర్రది వచ్చింది. చుక్కలది వచ్చింది.

నల్లది రాలేదు.

"ఎక్కడో ఉంటుందిలే" అనుకుని బడికొచ్చేసింది.

ఎక్కడో కాదు. పెట్టెలో ఉంది! మాణిక్యానికి ఇప్పుడు తెలిసింది. బయట ఎండ మండిపోతోంది. పైన రేకులు. ముందు చెక్క. తాగడానికి చుక్క నీళ్లు లేవు.

మెల్లగా లేచి నిలబడింది.

"టీచర్ గారూ, ఇంటికెళ్లాలండీ."

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

కడుపునొప్పి అంటే సరిపోతుంది. ఎవరూ నవ్వరు.

"బాగానే ఉందండీ. మా కోడిని పెట్టెలో పెట్టి మూసేశానండీ. మర్చిపోయానండీ."

క్లాసంతా గొల్లున నవ్వింది. టీచర్ మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి ఎండకేసి చూశారు.

"వెళ్లు, త్వరగా వెళ్లు."

రోడ్డు మీద చెరుకు బళ్లు బారులు తీరి ఉన్నాయి. ఒక బండి చక్రం దిగబడి దారంతా అడ్డంగా నిలిచిపోయింది. ఎద్దుల పక్కనుంచి ఒదిగి ఒదిగి దాటింది మాణిక్యం. దేవుడా, దేవుడా అనుకుంటూ ఒకటే పరుగు.

మామ్మ శౌరమ్మ వసారాలో లాజరుకి విసురుతూ కూర్చుని ఉంది.

"ఏమే, అప్పుడే వచ్చేశావే?"

మాణిక్యం నేరుగా గూట్లోకి దూరింది. గబగబా చెక్కలు లాగింది. చివరి పెట్టెలో, మూలకి, నల్లది పడి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. కళ్లు సగం మూతలు పడ్డాయి. దాని కింద గుడ్డు చితికిపోయింది.

"మామ్మా!"

మామ్మ వచ్చి కోడిని రెండు చేతులా ఎత్తి చూరు నీడలో పడుకోబెట్టింది.

"గుడ్డ తడిపి తీసుకురా. నీళ్లు మొహాన కుమ్మరించకు, ఉక్కిరిబిక్కిరవుద్ది. వేలు ముంచి ముక్కు మీద ఒక్కో చుక్కా వెయ్యి."

మాణిక్యం ఒక చుక్క వేసింది. అది పక్కకి జారిపోయింది. ఇంకో చుక్క. అదీ జారింది.

లాజరు గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. "అక్కా, చచ్చిపోయిందా?"

మాణిక్యం ఇంకో చుక్క వేసింది. అప్పుడు కోడి గొంతు కాస్త కదిలింది.

"మింగింది!" అంది మామ్మ. "వెయ్యి, వెయ్యి."

చాలాసేపటికి నల్లది తల ఎత్తింది. గిన్నెలో తనే ముక్కు ముంచింది. మాణిక్యానికి అప్పుడొచ్చింది ఏడుపు.

ఆ రోజు లాజరుకి గుడ్డు లేదు. పెట్టెలు మూసి ఉండడంతో మిగతా రెండు కోళ్లు కంచె పక్కన ఎక్కడో గుడ్లు పెట్టాయి. వాటిని కాకులు పొడుచుకుతిన్నాయి. వాడు ఉత్త జావ తాగి, "రేపు తింటాలే అక్కా" అన్నాడు.

అమ్మ పొలం నుంచి రాగానే, మామ్మ నోరు తెరిచే లోపే మాణిక్యం జరిగిందంతా చెప్పేసింది.

అమ్మ కోడిని ఒళ్లోకి తీసుకుని చూసింది.

"పొద్దున రెండే వచ్చినప్పుడు వెతకలేదా?"

"ఎక్కడో ఉంటుందిలే అనుకున్నానమ్మా."

అమ్మ ఇంకేమీ అనలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది మాణిక్యానికి.

పొద్దుగూకింది. వీధిలోంచి త్రిపుర కేకేసింది. "మాణిక్యం! రావా?"

"ఇవాళ రానే. పనుంది."

చీపురు ముట్టుకోలేదు. పెట్టెలో ఉన్న ఎర్రదాన్ని రెండు చేతులా ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టింది. అది మళ్లీ పెట్టెలోకి దిగింది. మళ్లీ ఎత్తింది. చుక్కలది రెక్కతో చెంప మీద కొట్టింది. అయినా వదలకుండా పైన పెట్టింది.

నల్లది ఆమె చెయ్యి చూడగానే గూటి మూలకి నక్కింది. నిన్నటిదాకా ఒళ్లోకి ఎక్కే కోడి! మాణిక్యం నేల మీద కూర్చుని అరచెయ్యి చాపి ఉంచింది. దోమలు కుడుతున్నా కదల్లేదు. చివరికి నల్లది ఒక అడుగు ముందుకేసింది. మరో అడుగు వేసింది. మెల్లగా దాన్ని ఎత్తి కర్ర మీద పెడితే, వేళ్లు ముడిచి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ఒక్కో పెట్టెలోకీ మోచేతి దాకా చెయ్యి పెట్టి మూలమూలా తడిమింది. గడ్డి తప్ప ఏమీ లేదు. చెక్కలు అడ్డం పెట్టింది. కర్ర మీద మూడూ ఉన్నాయో లేదో మళ్లీ చూసుకుంది.

ఇంట్లోకెళ్లి పుస్తకాల సంచి తెచ్చి గూడు తలుపుకి తగిలించింది.

"సంచి అక్కడెందుకే?" అంది అమ్మ.

"పొద్దున బడికెళ్లాలంటే దీనికోసం ఇక్కడికి రావాలి కదమ్మా. వచ్చి, ముందు చెక్కలు తీస్తాను" అంది మాణిక్యం.