కోడలు చేసిన ఇంజిన్

అశోక్‌నగర్‌లో ఆ ఇంటి ముందు పొద్దున్నే డీజిల్ కారు మోగాల్సిందే. శ్రీరామమూర్తి గారు పూజ ముగించుకుని వచ్చి, కారు స్టార్ట్ చేసి, కదల్చకుండా చాలాసేపు అలాగే ఉంచుతారు. "మా కోడలు పనిచేసిన ఇంజిన్" అని వీధిలో అందరికీ చెప్పుకోవడం ఆయనకు మహా సరదా. ఆ కోడలు మాత్రం వంటింట్లో ఉప్మా కలుపుతూ ఉంటుంది.

తక్కువ డీజిల్‌తో, తక్కువ పొగతో నడిచే కారు ఇంజిన్లు తయారుచేసే బృందంలో ఉండేది కీర్తన. అత్తగారు కమలాకుమారికి పక్షవాతం రావడంతో, కొన్నాళ్లే కదా అని ఉద్యోగం మానేసింది. రెండేళ్లయింది. చిక్కడపల్లి మార్కెట్, నారాయణగూడలో మందుల షాపు, మళ్లీ ఇల్లు. అంతే ఆమె లోకం. నిన్న పాత బాస్ ఫోన్ చేసి మళ్లీ రమ్మన్నాడు. ఇవాళ జవాబు చెప్పాలి. భర్త అభిజిత్‌కి చెబితే, "మరి అమ్మ సంగతేంటి?" అని పేపర్లో తలదూర్చాడు.

ఇంతలో మామగారు కంగారుగా లోపలికొచ్చారు.

"కార్లో పసుపు లైటు వెలుగుతోందమ్మా. ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నానో నీకు తెలుసుగా."

"నిలబెట్టి ఉంచితే మసంతా ఫిల్టర్లో పేరుకుపోతుంది మావయ్యగారూ. దూరం తిప్పితేనే ఆ మసి వేడికి కాలిపోతుంది."

"రోజూ చూస్తూ ఎందుకు చెప్పలేదు?"

"ఈ ఇంట్లో నన్ను కూరేంటని అడుగుతారు. ఇంజిన్ గురించి ఎవరడిగారు?"

అంటూనే కీర్తన స్టవ్ కట్టేసి వంటింట్లోంచి బయటికొచ్చింది.

"నాన్నతో మాట్లాడే తీరేనా అది?" అన్నాడు అభిజిత్.

"ఇవాళ మాట్లాడనివ్వండి. ఉద్యోగానికి పిలిచారు. నాకు వెళ్లాలని ఉంది. ఇక్కడ ఊపిరాడటం లేదు."

"అమ్మని ఎవరు చూస్తారు?"

పక్కగదిలోంచి కమలాకుమారి ముద్దముద్దగా అంది. "దాన్ని నేనాపానట్రా? నన్నెవరడిగారు?"

శ్రీరామమూర్తి గారు కుర్చీలో కూలబడ్డారు.

"వీధంతా నీ గొప్పలు చెప్పుకున్నానమ్మా. ఇంట్లో నువ్వెలా ఉన్నావో చూడలేదు," అన్నారు. "వస్తున్నానని చెప్పు. మీ అత్తయ్యని నేను చూసుకుంటాను. పగటి వంట నాది. ఒరేయ్, రాత్రి వంట నీది."

అభిజిత్ తలదించుకుని పేపరు మడిచాడు.

కీర్తన బాస్ నంబరు నొక్కింది. వంటింట్లో గిన్నెల చప్పుడు, మూతలు తీసి పెడుతున్న చప్పుడు.

"అమ్మా కీర్తనా," మామగారి గొంతు సిగ్గుపడుతూ వినిపించింది. "మనింట్లో బియ్యం ఏ డబ్బాలో ఉంటాయి?"

ఫోన్లో అవతల హలో హలో అంటున్నారు. కీర్తన వెక్కివెక్కి ఏడుస్తూనే ఏ డబ్బానో చెప్పింది.