మెడ మీద గీత

మధ్యాహ్నం మూడు దాటింది. జూన్ ఎండ ఉన్నట్టుండి మసకబారింది. కిటికీలో ఆకాశం ముందు పసుపుగా, తర్వాత ఇటుక రంగులోకి మారింది. ఈ ఎడారి దేశంలో, మా రిగ్గైలో దుమ్ము లేవడం నాకు కొత్త కాదు. తడి టవల్ తలుపు కింద దోపాను. కిటికీ సందులకు టేపు అతికించాను.

ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. మా ఆయన గౌస్ కంపెనీ వ్యాన్ నడుపుతాడు. కూతురు ఫర్హత్‌కు ఊరవతల దజీజ్‌లో షాపు బోర్డులు డిజైన్ చేసే పని. చిన్నప్పటి నుంచి దానికి ఆయాసం. దుమ్ము పడదు. బయటికి రావద్దని మెసేజ్ పెట్టాను. చూసినట్టు లేదు.

టేపు పట్టుకొని దాని గదిలోకి వెళ్లాను. టర్పెంటైన్ వాసన. గోడ వెంట వరసగా దాని బొమ్మలు.

ఫర్హత్ మనుషుల బొమ్మలే వేస్తుంది. మా అత్త హమీదా బీకి అది నచ్చేది కాదు. బొమ్మ వేసినోళ్లను రేపు తీర్పునాడు అల్లా దానికి ప్రాణం పోయమని అడుగుతాడని ఆమె భయం. పిల్ల ఏడుస్తుంటే చూడలేక ఆమే ఒక దారి చెప్పింది. మెడ మీద అడ్డంగా ఒక గీత గీయమంది. అప్పుడది ప్రాణి కాదు, ఉత్త బొమ్మ.

ఆ పొద్దున మా గొడవ దాని మీదే.

"కొత్తదానికి గీత ఏదే?"

"పెట్టను అమ్మీ. ఇది నేను."

"మీ దాదీకి తెలిస్తే?"

"దాదీ రాయచోటిలో ఉండాది. వీడియో కాల్‌లో మెడ కనపడకుండా చూపిస్తాలే." నవ్వింది. "అయినా గీత గీస్తే చచ్చిపోతారా? అట్లయితే చిన్నప్పుడు నేను ఎంతమందిని చంపినానో!"

"నోరు మూసుకోని బస్సెక్కు పో" అన్నాను.

ఆ బొమ్మలను నేను ఎప్పుడూ వరసగా చూడలేదు. వంట, బట్టలు, నమాజు... తీరిక ఏది? ఇప్పుడు చూశాను. ఎనిమిదేళ్లప్పటివి అగ్గిపుల్లల్లాంటి మనుషులు. అందరి మెడల మీదా గీత. పద్నాలుగేళ్లకు గీతలు పోయాయి, ముఖాలూ పోయాయి. అన్నీ వీపులే. ఒక వీపు వంటింటి కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. వదులైన జడ, ఎడమ భుజం కొంచెం వాలి... అది నేనే. ఎప్పుడు చూసిందో. పిలిచి ఉంటే తిరిగేదాన్ని కదా.

ఇరవై ఏళ్లప్పటి వాటిలో ముఖాలు ఉన్నాయి. కళ్లు మాత్రం మూసుకొని ఉన్నాయి.

చివరిది నిలువెత్తు ఫర్హత్. రంగు ఇంకా తడిగానే ఉంది. కళ్లు తెరిచి సూటిగా చూస్తోంది. ఎవరికీ భయపడని చూపు. నా బిడ్డ ఇంత పెద్దదైందా అనుకున్నాను. అంతకుముందు ఆ చూపు నేనెరగను.

గది చీకటైంది. గాలి కిటికీని తోస్తోంది. దుమ్ము వాసన గొంతులోకి దిగింది.

అప్పుడు విన్నాను.

స్... హా... స్... హా...

ఏసీ అనుకొని ఆపాను. ఆగలేదు. గాలి అనుకున్నాను. గాలి ఒకలా లేదు, ఇది ఒకే కొలతలో ఉంది. బొమ్మ దగ్గరికి వెళ్లాను. కాన్వాస్ మెల్లగా ఉబ్బుతోంది... తగ్గుతోంది... గొంతు దగ్గర తడి రంగు కదులుతోంది.

అల్లా...

చేతికి బ్రష్ దొరికింది. నల్ల రంగులో ముంచాను. మెడ మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీశాను.

ఊపిరి ఆగింది.

గోడ మీద గడియారం. మూడున్నర.

ఫోన్ మోగింది. ఫర్హత్. ఎత్తాను. మాట లేదు. గొంతులో ఏదో అడ్డం పడ్డ చప్పుడు. వెనక ఎవరో ఆడమనిషి హిందీలో అరుస్తోంది... ఊపిరి తీసుకో, తీసుకో...

"ఫర్హత్! యాడున్నావే!"

గుడ్డ టర్పెంటైన్‌లో ముంచి గీతను తుడిచాను. గీతతో పాటు గొంతు రంగూ వచ్చేసింది. ఇంకా తుడిచాను. చేతులు మండాయి. కాన్వాస్ మళ్లీ ఉబ్బింది. స్... హా...

అప్పుడే ఫోన్‌లోనూ పెద్ద ఊపిరి.

"అమ్మీ..." అంది.

నేను ఫోన్ చేస్తే గౌస్ వ్యాన్‌లో పోయి దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి, సాయంత్రం మగ్రిబ్ నమాజు దాటాక ఇంటికి తెచ్చాడు. కనురెప్పల మీద ఇంకా దుమ్ము ఉంది. నేరుగా బొమ్మ దగ్గరికి పోయి చెరిగిన గొంతును చూసింది. కోప్పడలేదు.

"బస్సు కోసం నిలబడినా అమ్మీ," గుసగుసగా అంది. "ఎవరో చన్నీళ్లలో ముంచిన వేలితో మెడ మీద గీసినట్టు..."

"పడుకో తల్లీ."

చేసింది నేనేనని చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. బొమ్మను కిందికి తీసుకుపోయి వ్యాన్‌లో పెట్టమన్నాను. గౌస్ ఎందుకని అడగకుండా పెట్టొచ్చాడు.

రాత్రి ఇషా నమాజు అయ్యేసరికి దుమ్ము తగ్గింది. ఫర్హత్‌ను ఆ గదిలోకి పోనివ్వలేదు. ముగ్గురం హాల్లోనే పడుకున్నాం. దీపం ఆర్పలేదు. వాళ్లిద్దరికీ నిద్ర పట్టింది. అందరూ క్షేమంగా ఇల్లు చేరారా అని లెక్క పెట్టుకోవాలనిపించింది. నా ఊపిరి బిగబట్టి, వినపడే ఊపిరులు లెక్కపెట్టాను.

గౌస్, ఒకటి.

ఫర్హత్, రెండు.

స్... హా... మూడు.