రెండు నక్షత్రాల బిళ్ల

మార్నీ చెయ్యి మాటిమాటికీ ఛాతీ ఎడమవైపుకే పోతోంది. అక్కడ నల్ల రిబ్బన్‌కు ఒక వెండి బిళ్ల, దాని కింద రెండు చిన్న నక్షత్రాలు వేలాడుతున్నాయి. పొద్దున్నే అమ్మమ్మ బిస్కెట్ల డబ్బాలో, పాత ఉత్తరాల అడుగున దొరికింది. అడగకుండానే తెచ్చేసింది.

ఆ రోజు ఆన్జాక్ డే. యుద్ధాలకు వెళ్లినవాళ్లను తలుచుకుంటూ ఊరంతా ఊరేగింపు. ఇంట్లో పతకాలున్న పిల్లలకే బడి వరుసలో ముందు చోటు.

"నీది ఎడమవైపు ఉందేంటే? యుద్ధానికి నువ్వే వెళ్లొచ్చావా?" అని నవ్వాడు వరుసలో పక్కనే ఉన్న కాలిన్. వాళ్ల తాత పతకం వాడికి కుడివైపు ఉంది. సొంతంగా సంపాదించుకున్నవాళ్లే ఎడమవైపు పెట్టుకుంటారు.

మార్నీ చెవులు వేడెక్కాయి. "నక్షత్రాలున్నవి ఇటే పెడతారు. మా తాత రెండు ఓడలు ముంచాడు. ఓడకొకటి!"

కాలిన్ నోరు తెరిచాడు. పక్కవాడికి చెప్పాడు. వాడు ఇంకొకడికి చెప్పాడు. కాసేపటికి ఓడలు నాలుగయ్యాయి.

మార్నీకి కాలు నిలవలేదు. అమ్మమ్మ చూస్తేనో? జనంలో ఆవిడ నీలం టోపీ ఉందేమోనని వెతికింది. ఉంది. ఇటే వస్తోంది.

అమ్మమ్మ బిళ్లను చూసి ఆగిపోయింది.

"తిట్టకు అమ్మమ్మా! తాత పతకం ఈ ఒక్కరోజే..."

"తాతది కాదే. మా అమ్మది." అమ్మమ్మ ఒక్కో నక్షత్రాన్నీ వేలితో తాకింది. "వీడు రాయ్. వీడు ఎర్నీ. మా అన్నయ్యలు. యుద్ధం నుంచి తిరిగి రాలేదు. పోయిన కొడుక్కొక నక్షత్రం చొప్పున సర్కారు వాళ్లు పంపారు మా అమ్మకి."

"ముత్తవ్వ పెట్టుకునేదా?"

"ఏడాదికొక్కసారి. ఇవాళే. వంటింట్లో కూర్చుని. అది పెట్టుకుని వీధిలోకి మాత్రం ఎప్పుడూ రాలేదు."

"ఓడల మార్నీ! రావే, బ్యాండు మొదలవుతోంది!" కాలిన్ కేక వేశాడు.

మార్నీ బిళ్ల తీసింది. పిన్ను వేలికి గుచ్చుకుంది. అమ్మమ్మ కోటుకు, కుడివైపున, నక్షత్రాలు బాగా కనబడేలా పెట్టింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ముందు వరుసకు తీసుకెళ్లింది.

"ఓడలు లేవు కాలిన్. నేనే కల్పించా. ఇవి రాయ్, ఎర్నీ. మా అమ్మమ్మ అన్నలు."

కాలిన్ ఈసారి నవ్వలేదు. కొంచెం పక్కకు జరిగాడు. "మీ ఇద్దరికీ చోటు సరిపోతుందిలే."

"నా చోటు అమ్మమ్మకివ్వు, చాలు."

మార్నీ వెనక్కి నడిచి చివరి వరుసలో నిలబడింది. అక్కడి నుంచి నీలం టోపీ అంచు ఒక్కటే కనబడుతోంది. బ్యాండు మోగింది. టోపీ ముందుకు కదిలింది.

మార్నీ చేతులు రెండూ పక్కన నిలకడగా ఉన్నాయి.