మొదటి ప్లేటు

ఉదయం 6:35కి స్టేషన్‌కి ఫోన్. 6:50కి జిమ్ మెట్లెక్కాడు ఇన్‌స్పెక్టర్. లిఫ్ట్ లేదు. ఒళ్ళు బాగుచేసే చోటు కదా, మూడంతస్తులూ ఎక్కితీరాలి. రాత్రంతా డ్యూటీ చేసినవాడికి ప్రాణం విసిగిపోయింది.

లెగ్ ప్రెస్ మెషీన్ సీట్లో కూర్చున్నట్టే ఉంది శవం. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. పాదాలు ఎదురుగా నెట్టే పలక మీదే ఉన్నాయి. పక్కన బరువుల దొంతర. ఎంత బరువు కావాలో అంత దగ్గర పిన్ను గుచ్చాలి. అది అన్నిటికన్నా పైనున్న మొదటి ప్లేటుకి గుచ్చి ఉంది. పది కిలోలు. ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో రాసుకున్నాడు.

"ఏమైనా ముట్టుకున్నావా?"

"లేద్సార్," అన్నాడు ట్రైనర్. "ఆరున్నరకి వచ్చాను. అప్పటికే ఇలా ఉన్నారు. వెంటనే ఫోన్ చేశాను."

"తలుపెవరు తీశారు?"

"ఊడ్చే ఆమె. అయిదింటికి తీసి, ఊడ్చి వెళ్ళిపోతుంది."

కబురు విని వదినతో వచ్చిన మాస్టారి తమ్ముడు నిట్టూర్చాడు. "మా అన్నయ్య మొండిఘటం సార్. ఎవరి మాటా వినడు. ఫైలు మూసెయ్యండి."

మాస్టారి భార్య గోడకి చేరబడి ఉంది. "మోకాళ్ళు పట్టేస్తున్నాయని నేనే పంపాను బాబూ. ఇరవై కిలోలు దాటొద్దన్నారు డాక్టర్. ఈయన దాటారా? నాకదొక్కటి తెలియాలి."

పదకొండింటికి పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ఫోన్ చేశాడు.

"తొడ కండరం తెగింది. తాహతుకి మించిన బరువు నెట్టాడు. గుండె తట్టుకోలేదు. 5:50 ప్రాంతం. కానీ వెంటనే పోలేదు. అరగంట బతికే ఉన్నాడు."

పది కిలోలకి కండరం తెగుతుందా? ఇన్‌స్పెక్టర్ రిపోర్టు మళ్ళీ చదివాడు. నిద్రలేని బుర్రకి ఏమీ తట్టలేదు.

సాయంత్రం 4:10. జిమ్ మళ్ళీ తెరిచారు. మాస్టారు పోయిన మెషీన్ చుట్టూ టేపు కట్టారు, అంతే. మాస్టారి బ్యాగు కోసం వదినా మరిదీ వచ్చారు. ఇన్‌స్పెక్టర్ ట్రైనర్ వెంట నడుస్తూ అడిగిందే అడుగుతున్నాడు.

"ఎన్నింటికి వచ్చావు?"

"చెప్పాను కద్సార్, ఆరున్నర."

ఎవరో పక్కనున్న చెస్ట్ మెషీన్ దిగి వెళ్ళారు. ట్రైనర్ మాట్లాడుతూనే, అటు చూడకుండానే, దాని పిన్ను లాగి మొదటి ప్లేటుకి గుచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు. "ఇప్పుడేం చేశావు?"

"నేనేం చేశాను?"

నిజంగానే తెలియదు వాడికి. ఇన్‌స్పెక్టర్‌కి జాలేసింది.

"చచ్చినవాడు లేచి పిన్ను మార్చడు. ఎవరు దిగినా, తర్వాతవాళ్ళ కోసం దాన్ని పైకి మార్చడం నీ చేతికి అలవాటు. పొద్దున కూడా, ఆయన నెట్టడం ఆపగానే మార్చింది ఆ చెయ్యే. అంటే అప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు."

ట్రైనర్ బెంచీ మీద కూలబడ్డాడు.

"నూట నలభై కిలోలు పెట్టాన్సార్. ఎనిమిదిసార్లు నెట్టారు. ఇంకొక్కటి అన్నాను. అందరితోనూ అంటాను. వాలిపోయేసరికి భయమేసి కిందికి పరిగెత్తాను. వీధి చివర నిలబడ్డాను."

"అరగంటా?"

వాడు తలూపాడు.

మాస్టారి భార్య దగ్గరికొచ్చింది. "ఆయనేమీ అనలేదా?"

"చాలన్నారమ్మా. రెండుసార్లు అన్నారు."

ఆమె మరిది వైపు తిరిగింది. "విన్నావా? మీ అన్నయ్య చాలన్నారట."

పొద్దుటినుంచీ బిగబట్టుకున్న మనిషి, అప్పుడు ఏడ్చింది.